గాలం వేసే సెలవు: నదికో లెక్క, సముద్రానికో లెక్క

1922 అక్టోబరు 7 సాయంత్రం స్కాట్లండ్‌లోని టే నదిలో జార్జినా బాలంటైన్ అనే యువతి పడవలో కూర్చుని గాలం వేశారు. తెడ్లు వేస్తున్నది ఆమె తండ్రి. ఆ నదిలో ఏ మడుగు ఎంత లోతో, ఏ బండ వెనుక చేప ఆగుతుందో ఆయనకు తెలుసు. చిక్కిన సాల్మన్ రెండు గంటలకు పైగా వాళ్లను తిప్పలు పెట్టి, చీకటి పడ్డాక గానీ లొంగలేదు. బరువు 64 పౌన్లు, అంటే సుమారు 29 కిలోలు. బ్రిటన్‌లో గాలంతో పట్టిన సాల్మన్‌లలో ఇప్పటికీ అదే రికార్డు.

1953 ఆగస్టు 4న పెరూ తీరంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్‌కు నల్ల మార్లిన్ అనే సముద్రపు చేప ఒకటి పడింది. అది 1,560 పౌన్లు, 707 కిలోల పైమాటే. ఆ జాతిలో ప్రపంచ రికార్డు నేటికీ దానిదే. ఆ పోరాటం మాత్రం గంటా నలభై అయిదు నిమిషాల్లో ముగిసింది.

ఇరవై నాలుగు రెట్లు బరువైన చేప తక్కువ సమయంలో లొంగిందంటే, ఒకరు బలశాలి, మరొకరు కాదని అర్థం కాదు. సముద్రంలో పెద్ద చేపను పట్టేది ఒక మనిషి కాదు, ఒక పడవ. వేటగాడు పడవకు బిగించిన కుర్చీలో, నడుముకు పట్టీలు కట్టుకుని కూర్చుంటాడు. సరంగు ఇంజిన్‌ను వెనక్కి నడిపి చేపకూ పడవకూ మధ్య దూరం తగ్గిస్తాడు. చివర్లో దారాన్ని చేత్తో అందుకునేది ఇంకొకరు. నదిలో ఈ బలగం ఉండదు. ఒక కర్ర, సన్నని దారం, ఆ నీటి పోకడ తెలిసిన తోడు ఒకరు, అంతే.

చేపల వేట కోసం సెలవు పెట్టి దూరదేశం వెళ్లాలనుకునేవారు సాధారణంగా ‘ఎక్కడికి వెళ్దాం’ అని మొదలుపెడతారు. నా లెక్కలో అది మూడో ప్రశ్న. ఏ చేప కావాలి, అది ఎప్పుడు ఎక్కడ ఉంటుంది అన్నవి దానికన్నా ముందు తేలాలి. ఊరి పేరు పట్టుకుని బయల్దేరితే ఏమవుతుందో చెప్పడానికి కాబో బ్లాంకోయే చాలు. చల్లని హంబోల్ట్ ప్రవాహం వెచ్చని నీళ్లను కలిసే చోటు అది. చిన్న చేపలు గుంపులు కట్టేవి, వాటి వెనుక మార్లిన్‌లు వచ్చేవి. గ్లాసెల్ రికార్డు తర్వాత ఇరవై ఏళ్లు తిరగకముందే అక్కడి ప్రసిద్ధ క్లబ్బు మూతపడింది. అలాస్కాలోని కీనై నదిదీ ఇలాంటి కథే. గాలంతో పట్టిన కింగ్ సాల్మన్‌లలో ప్రపంచ రికార్డు, 97 పౌన్ల 4 ఔన్సులది, 1985 మేలో అక్కడే నమోదైంది. అదే నదిలో 2023, 2024 వేసవుల్లో కింగ్ సాల్మన్ వేటను పూర్తిగా మూసేయాల్సి వచ్చింది, అంతగా తగ్గాయి ఆ చేపలు. చేపలు వెళ్లిపోయిన చాలా ఏళ్ల దాకా పేరు మాత్రం ప్రకటనల్లో నిలిచే ఉంటుంది.

ఉప్పు ఏం చేస్తుంది?

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఎముకలున్న చేపల్లో చాలావాటి ఒంట్లోని ద్రవాల్లో ఉప్పు అందులో మూడో వంతు. అందుకే సముద్రపు చేప ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. అది సముద్రాన్నే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోసేస్తుంది. మంచినీటి చేపది తలకిందుల కష్టం. చుట్టూ ఉన్న నీరు ఒంట్లోకి దూరుతూనే ఉంటుంది కాబట్టి, అది దాదాపు ఏమీ తాగకుండా విడవకుండా మూత్రం పోస్తూ బతుకుతుంది. రెండు నీళ్లలోనూ బతకగలిగేవి కొన్నే. సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి తిరిగొస్తుంది. యూరప్ మలుగు చేప సరిగ్గా దీనికి ఎదురు దారి పడుతుంది.

ఈ జీవశాస్త్రం సెలవుకు ఎందుకంటారా? నదీముఖంలో గాలం వేసేవారికి ఇదే మొదటి పాఠం. పైన భారీ వాన కురిసి నది ఉబ్బితే, ఉప్పునీటి చేపలు ఆ మంచినీటి పోటును తప్పించుకుని సముద్రం వైపు జరుగుతాయి. నిన్న కిటకిటలాడిన చోటు ఇవాళ ఖాళీ. ఇంకో సంగతి ఉంది. సాల్మన్ నదిలోకి అడుగుపెట్టాక తిండి మానేస్తుంది. సముద్రంలో పెంచుకున్న కొవ్వుతోనే గుడ్లు పెట్టేదాకా నెట్టుకొస్తుంది. ఆకలి లేని చేప ఎరను ఎందుకు పట్టుకుంటుందన్నది ఇప్పటికీ వాదనే. కోపమా, పాత అలవాటా, ఊరికే నోటికి తగిలితే కొరకడమా? కారణమేదైనా, నదిలో సాల్మన్ కోసం వారం రోజులు గడిపి ఒక్కటీ పట్టకుండా తిరిగి వచ్చేవాళ్లు బోలెడుమంది. అదే సాల్మన్‌ను సముద్రంలో, ఆబగా తింటున్న రోజుల్లో వెతికితే అది వేరే ఆట.

ఒకరికి వాన, ఒకరికి చంద్రుడు

సముద్రానికి గడియారం చంద్రుడు. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. సోమవారం ఉదయం ఎనిమిదికి చేపలు ముసిరిన చోట, శుక్రవారం అదే వేళకు నీళ్లే ఉండకపోవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా పైకి ఎక్కి బాగా కిందికి దిగుతుంది. అష్టమి చుట్టుపక్కల ఆ ఊపు తగ్గుతుంది. లోతులేని తీరాల్లో ఈ తేడా సెలవును నిలబెట్టనూ గలదు, ముంచనూ గలదు. ఒకే బసకు ఒకే నెలలో వేర్వేరు వారాల్లో వెళ్లిన ఇద్దరు రెండు వేర్వేరు కథలతో తిరిగిరావడం వింతేమీ కాదు.

బోన్‌ఫిష్ వేటను చూడండి. బహామాస్, బెలీజ్, పసిఫిక్‌లోని కిరితిమాటి దీవి దీనికి పేరుపడ్డ చోట్లు. మోకాలి లోతు నీళ్లు, అడుగున తెల్లని ఇసుక. పోటు ఎక్కే కొద్దీ చేపలు లోతులోంచి ఈ మిట్టల మీదికి పీతలు, రొయ్యల కోసం వస్తాయి. వాటి పక్కలు అద్దంలా మెరుస్తాయి కాబట్టి, చుట్టూ ఉన్న రంగే వాటి మీద కనిపిస్తుంది. మీకు ముందు కనిపించేది చేప కాదు, ఇసుక మీద కదిలే నీడ. పడవ వెనుక ఎత్తు మీద నిలబడి గడతో నెట్టే గైడు “పదకొండు గంటల దిక్కు, నలభై అడుగులు” అంటాడు. పడవ ముందుభాగం పన్నెండు అనుకుంటే పదకొండు ఎటో మీరు లెక్క వేసుకునేలోపు ఆ నీడ పదికి జరిగిపోతుంది. ఎర దాని నెత్తిన పడితే పారిపోతుంది, మరీ దూరంగా పడితే చూడదు. వీటన్నిటికీ కలిపి మీకు దొరికేది పది సెకన్లు. ఎదురుగాలి ఉంటే అదీ లేదు. వేల మైళ్లు ప్రయాణించి వచ్చేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే: బయల్దేరే ముందు నెల రోజులు గాలి వీచే మైదానంలో, ఎర లేకుండా, నలభై అడుగులకు విసరడం నేర్చుకోండి. ఖరీదైన రాడ్డు కన్నా అది పనికొస్తుంది.

నది చంద్రుణ్ని పట్టించుకోదు, వాన మాట వింటుంది. సాల్మన్ నదుల్లో వరద ఉప్పొంగుతున్నప్పుడు నీళ్లు బురదగా ఉంటాయి, వేట సాగదు. నీరు తేటపడుతూ మట్టం దిగుతున్న ఒకటి రెండు రోజులే బంగారం. కొండ మంచు కరిగి పారే నదుల్లో ఎండ ముదిరితే నీళ్లు పాలలా తెల్లబడతాయి. బయట చక్కని వాతావరణం ఉన్నా గాలానికి పని ఉండదు. చల్లని నీటి చేప ట్రౌట్‌కు శత్రువు వేడి. సున్నా డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 25 డిగ్రీల దగ్గర అది 8.3కి పడిపోతుంది. నీరు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కు ఊపిరాడటమే కష్టం, గాలంతో పెనుగులాడాక వదిలినా బతకకపోవచ్చు. అందుకే అమెరికాలోని మోంటానాలో మండు వేసవిలో కొన్ని నదుల మీద మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా వేట ఆపిస్తారు. ఆగస్టులో ‘పూర్తి రోజు వేట’ అని డబ్బు కట్టినవారికి అందులో సగం రోజే మిగలవచ్చు.

అన్నిటికన్నా విచిత్రమైన గడియారం పింక్ సాల్మన్‌ది. ఇది కచ్చితంగా రెండేళ్లే బతుకుతుంది. కాబట్టి ఒక నదిలో సరి సంవత్సరాల వంశం, బేసి సంవత్సరాల వంశం ఒకదానితో ఒకటి కలవవు. కెనడాలోని ఫ్రేజర్ నదికి ఇవి బేసి సంవత్సరాల్లోనే వెల్లువలా వస్తాయి. నెలా వారం అన్నీ సరిచూసుకుని, సంవత్సరం తప్పి వెళ్లినవాడికి అక్కడ కనిపించేది పింక్ సాల్మన్ లేని నది.

ఈ నీళ్లు ఎవరివి?

పర్యాటకులు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఇంగ్లండ్‌లో నదిలోనో చెరువులోనో గాలం వేయాలంటే 13 ఏళ్లు నిండిన ప్రతివారికీ ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. అది ఉన్నంత మాత్రాన చాలదు, ఆ నీటి హక్కుదారు అనుమతి వేరే తీసుకోవాలి. అదే దేశంలో సముద్రం ఒడ్డున నిలబడి గాలం వేయడానికి లైసెన్సే అక్కర్లేదు. స్కాట్లండ్‌కు వెళ్తే అలాంటి లైసెన్సు లేదు గానీ, సాల్మన్ పట్టే హక్కు ఒక ఆస్తి. నదిని ముక్కలుగా పంచుకున్న హక్కుదారుల దగ్గర రోజుకో వారానికో అద్దెకు తీసుకోవాలి. పైగా ఆదివారం సాల్మన్ వేట చట్టరీత్యా నిషేధం. శనివారం విమానం దిగి ఆదివారం ఉదయమే నదికి పరుగెత్తాలనుకుంటే ఆ రోజు పోయినట్టే.

న్యూజీలాండ్‌లో సముద్రంలో సరదా వేటకు లైసెన్సు లేదు, ట్రౌట్‌కు ఉంది. అక్కడ కూడా తౌపో సరస్సు ప్రాంతానికి విడిగా ఇంకో లైసెన్సు తీసుకోవాలి. ఆ దేశంలో ట్రౌట్‌ను కొనడం, అమ్మడం రెండూ నేరమే. తినాలనుంటే పట్టుకోవాలి. నార్వేలో సముద్రపు వేట విదేశీయులకూ ఉచితమే. అయితే చేత్తో పట్టే కర్ర, దారం తప్ప వలలు వాడకూడదు, పట్టింది అమ్మకూడదు, దేశం దాటించే చేప మాంసానికి కిలోల్లో పరిమితి ఉంది. అదీ అధికారికంగా నమోదైన వేట కేంద్రాల్లో బస చేసినవారికే. అక్కడి సాల్మన్ నదులది ఇంకో కథ. ప్రభుత్వ రుసుము ఒకటి, ఆ ఒడ్డు యజమాని ఇచ్చే కార్డు ఒకటి. ఇవన్నీ చేతిలో ఉన్నా ఒక్కోసారి లాభం ఉండదు. 2024 జూన్‌లో సాల్మన్‌లు మరీ తక్కువగా రావడంతో నార్వే ప్రభుత్వం 33 నదుల్లో వేటను సీజన్ మధ్యలోనే ఆపేసింది. ముందే డబ్బు కట్టి దారిలో ఉన్నవాళ్ల సంగతి ఊహించుకోండి. నది మూసేస్తే డబ్బు తిరిగి ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా, రెండూ లేవా అన్నది కాగితం మీద రాసి ఉన్నచోటనే బుక్ చేయడం మంచిది.

స్థూలంగా చెప్పాలంటే మంచినీటి వేటలో డబ్బు హక్కుకు పోతుంది, సముద్రపు వేటలో పడవకు, ఇంధనానికి పోతుంది. హక్కు పుచ్చుకున్నాక నదిలో ఎన్ని గంటలు నిలబడ్డా ఎవరూ లెక్క అడగరు. పడవలో మాత్రం ప్రతి గంటా మీటరు తిరుగుతూనే ఉంటుంది. దూరపు చేపల చోటుకు వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు పడితే ‘ఎనిమిది గంటల ప్రయాణం’లో గాలం నీటిలో ఉండేది నాలుగే. ఇది అడగకుండా డబ్బు కట్టకండి. పట్టిన చేప ఎవరిదని కూడా అడగండి. హవాయిలో చాలా అద్దె పడవల మీద అది పడవదే అవుతుంది, మీకిస్తే ఒక ముక్క ఇస్తారు.

వదలాలా, ఉంచుకోవాలా?

ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఒక్క జవాబు లేదు. బెలీజ్ 2009 నుంచి బోన్‌ఫిష్, పెర్మిట్, టార్పన్ చేపల్ని పట్టినవాళ్లు వదిలి తీరాలని చట్టం చేసింది. ఆ చేప బతికుంటేనే పర్యాటకులు మళ్లీ వస్తారన్నది దాని లెక్క. స్కాట్లండ్ నదుల్లో గాలానికి పడే సాల్మన్‌లలో తొంభై శాతానికి పైగా తిరిగి నీటిలోకే వెళ్తున్నాయి. స్విట్జర్లండ్ మాత్రం 2009 నుంచి, వదిలేయాలనే ఉద్దేశంతో చేపల్ని పట్టడాన్నే నిషేధించింది. తినడానికి కాకుండా కేవలం సరదా కోసం ప్రాణిని బాధించడం తప్పన్నది దాని వాదన. జర్మనీ జంతు సంరక్షణ చట్టమూ దాదాపు ఇదే దారి. అక్కడ లైసెన్సు కావాలంటే సాధారణంగా పరీక్ష రాయాలి, కొన్ని రాష్ట్రాలు మాత్రం పర్యాటకులకు కొన్ని రోజుల లైసెన్సు ఇస్తాయి. రెండు వాదనల్లో నేను వదిలే పక్షమే, కానీ స్విస్ వాదన వినగానే కొట్టిపారేయగలిగేది కాదు. వదిలిన ప్రతి చేపా బతుకుతుందని నమ్మడం మనకు మనం చెప్పుకునే తీపి అబద్ధం.

సముద్రపు లోతుల్లో అది మరీ అబద్ధం. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ముప్ఫై మీటర్ల అడుగున ఉన్న చేప మీద పైనున్న గాలితో కలిపి నాలుగు రెట్ల ఒత్తిడి ఉంటుంది. దాన్ని గబగబా పైకి లాగితే కడుపులోని గాలి తిత్తి నాలుగు రెట్లు ఉబ్బుతుంది. కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, జీర్ణాశయం నోట్లోంచి తోసుకొస్తుంది. అలాంటి చేపను ‘వదిలేశాం’ అనుకుంటే అది వెల్లకిలా తేలుతూ పక్షుల పాలవుతుంది. దవడకు బరువు తగిలించి చేపను తిరిగి అడుగుకు దింపే పరికరాలు ఉన్నాయి. మీరెక్కే పడవలో అది ఉందో లేదో ఒకసారి చూడండి, సరంగు ఎలాంటివాడో తెలిసిపోతుంది.

నదిలో ఇంత గొడవ లేదు. చేతులు ముందు తడుపుకోవాలి. పొడిచేయి తగిలితే చేప ఒంటి మీది జిగురు ఊడివస్తుంది, క్రిములను అడ్డుకునేది ఆ జిగురే. గాలం మొన వెనుక ముల్లును ముందే పటకారుతో నొక్కేస్తే నోట్లోంచి ఇట్టే ఊడిపోతుంది. తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా తోక దగ్గర తేలిగ్గా పట్టుకుంటే, మొప్పలు ఒకసారి, రెండుసార్లు, తర్వాత లయగా ఆడటం కనిపిస్తుంది. తోక ఒక్క విదిలింపు విదిలించి అదే వెళ్లిపోతుంది, ఎవరూ తోయక్కర్లేదు. ఫ్లోరిడాలో నలభై అంగుళాలు దాటిన టార్పన్‌ను నీటిలోంచి పైకి ఎత్తకూడదు, ఫోటో కోసం కూడా.

ఉంచుకుని తినేవారికి ఒక హెచ్చరిక. వెచ్చని సముద్రాల్లో పగడపు దిబ్బల చుట్టూ తిరిగే పెద్ద వేటచేపల్లో సిగ్వటాక్సిన్ అనే విషం పోగుపడి ఉండవచ్చు. దిబ్బల మీది సూక్ష్మజీవుల్లో పుట్టి, చిన్న చేపల ద్వారా పెద్దవాటికి చేరుతుంది. దానికి రంగు, వాసన లేవు, వండినా చావదు. ఏ దిబ్బ చేప తినవచ్చో స్థానికుల్ని అడగకుండా తినకూడదు.

బూట్లు, గాలి, చివరి ఫోను

నది నుంచి నదికి తిరిగే పర్యాటకుడు తెలియకుండా రోగాలను మోస్తాడు. 2004లో న్యూజీలాండ్ దక్షిణ దీవిలోని ఒక నదిలో డిడిమో అనే నాచు బయటపడింది. రాళ్ల మీద మురికి దూదిలా పరుచుకునే రకం అది. జారకుండా ఉండటానికి బూట్లకు వేసే ఫెల్ట్ అనే దళసరి బట్ట అడుగు తడిని గంటల తరబడి పట్టి ఉంచుతుంది, దానితో పాటు ఆ నాచునూ. 2008లో ఆ దేశం అలాంటి బూట్లను నిషేధించింది. ఐస్‌లాండ్‌కు వాడిన రాడ్లు, బూట్లు తీసుకెళ్తే వాటిని క్రిమిశుద్ధి చేయించినట్టు చూపించాలి. సముద్రపు వేటలో రోగం మీ సామాన్లకే: మంచినీటి రీలును ఉప్పునీటిలో ఒక్కరోజు వాడి కడగకుండా సంచిలో పెడితే, కొద్ది రోజుల్లోనే పిడి తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరలాడుతుంది.

ఒకే సెలవులో నది, సముద్రం రెండూ కలపాలా? చాలామంది వద్దంటారు, సామాను రెట్టింపవుతుందని. నేను కలపమనే అంటాను, కారణం రుచి కాదు, బీమా. పడవను రేవులోనే కట్టిపడేసే గాలి నదిని ఏమీ చేయదు. నదిని బురద చేసిన వాన సముద్రంలో దూరపు చేపకు పట్టదు. అలాస్కాలో కీనై ద్వీపకల్పానికి జూలైలో వెళ్లేవాళ్లు నదిలో సాకై సాల్మన్, తీరం దాటి సముద్రంలో హాలిబట్ చేప ఒకే వారంలో చూడగలగడం ఇందుకే. సముద్రపు రోజును వారం మొదట్లో పెట్టుకోవాలి. గాలి వల్ల అది రద్దయితే జరపడానికి ఇంకా రోజులుంటాయి. చివరి రోజుకు పెట్టుకున్నవారికి ఆ అవకాశం ఉండదు.

డబ్బు పంపే ముందు గైడుకో సరంగుకో ఫోను చేసి పెద్ద చేపల గురించి అడగకండి, అవి ఫోటోల్లో ఉన్నాయి. గత సీజన్‌లో నేను వచ్చే వారంలోనే ఎన్ని రోజులు ఒక్క చేపా పడలేదు అని అడగండి. “అలాంటి రోజే లేదు” అంటే ఇంకో నంబరు వెతుక్కోండి. “మూడు. రెండు గాలి వల్ల, ఒకటి ఎందుకో మాకూ తెలియదు” అంటే ఆ పడవ ఎక్కవచ్చు.